పది రోజుల సువార్త యాత్రలు ఎవరి కోసం?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో ఈమధ్య మన గుంటూరు, విజయవాడ సంఘాల వాళ్లు ఆఫ్రికా వెళ్లొచ్చిన వార్తలు తరచుగా చూస్తున్నాను. ఫోటో దాదాపు ఒకటే. మధ్యలో కోటు వేసుకున్న పాస్టరు గారు, చుట్టూ చేతులూపుతున్న పిల్లలు, వెనక బ్యానరు, కింద చీకటి ఖండంలో వెలుగు అంటూ రెండు లైన్లు. పోయిన జూలైలో అలాంటి ఒక జట్టుతో నేనూ మలావీ వెళ్లొచ్చాను కాబట్టి ఆ ఫోటోలో పడని సంగతులు కొన్ని రాయాలనిపించింది. ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన దాన్ని, పుట్టుకతో లూథరన్‌ని, విదేశం చూడటం ఇదే మొదటిసారి. కొన్ని మాటలు మా వాళ్లకి నచ్చకపోవచ్చు, అయినా పర్లేదు.

గన్నవరం నుంచి ముంబయి, అక్కడి నుంచి అడిస్ అబాబా, అక్కణ్ణుంచి మలావీ రాజధాని లిలాంగ్వే. దిగగానే మాకు తగిలిన మొదటి దెబ్బ చలి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని అందరం కాటన్ చీరలు, పల్చటి చొక్కాలు సర్దుకుని పోయాం. లిలాంగ్వే వెయ్యి మీటర్లకి పైన ఎత్తులో ఉంటుందని, జూన్, జూలై అక్కడ చలికాలమని మాలో ఒక్కరూ చూసుకోలేదు. రెండో రోజు పొద్దున్నే మమ్మల్ని బజారుకి తీసుకెళ్లారు. యూరపు నుంచి, అమెరికా నుంచి మూటలు మూటలుగా దిగే పాత బట్టల్ని కుప్పలు పోసి అమ్మే బజారు అది, కౌంజికా అంటారు. ఆదుకోవడానికి వెళ్లిన జట్టు మొత్తం అక్కడ నిలబడి వాడేసిన స్వెట్టర్లు బేరమాడుతుంటే మాతో వచ్చిన అక్కడి పాస్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఈ ఫోటో మాత్రం ఎవరూ పేపరుకి పంపలేదు.

ఊళ్లలోకి వెళ్లాక ఇంకో ఆశ్చర్యం. ఎర్ర నేల, మామిడి చెట్లు, కోసేసిన మొక్కజొన్న చేలు, పందిళ్ల కింద దండలుగా గుచ్చి వేలాడదీసిన పొగాకు. మా నాన్న చీరాల వైపు పొగాకు గ్రేడింగులో పని చేశాడు, ఆ వాసన మధ్యే పెరిగాను, కళ్లు మూసుకున్నా పోల్చుకుంటాను. పొగాకు బోర్డు 1976 నుంచి మన గుంటూరులోనే ఉంది కదా, అలాగే మలావీ దేశానికి తన ఎగుమతుల మీద వచ్చే పెద్ద రాబడి కూడా ఆ పొగాకుదే, అందులోనూ బర్లీ రకం ఎక్కువ. మన వర్జీనియా ఆకుని బ్యారన్ అనే కొట్టంలో వేడి పెట్టి ఆరబెడతారు, వాళ్ల బర్లీకి ఆ ఖర్చు లేదు, నీడన గాలికి ఆరితే చాలు. మేం బస చేసిన ఊళ్లో ఒక రైతు, చర్చిలో పెద్ద కూడా, వేలంలో ఎలా కోత పెడతారో, గ్రేడు ఎలా తగ్గించి రాస్తారో చెప్పడం మొదలుపెడితే, 2025లో నల్ల బర్లీ కొనేవాళ్లు లేక మన పర్చూరు, ఇంకొల్లు రైతులు రోడ్డెక్కిన సంగతి నేను చెప్పాను. దుబాసీ ద్వారా ఒక్కో ముక్కా అటూ ఇటూ వెళ్లాలి, అయినా ఆ మాట మధ్యలోనే అందుకుని అయితే మీ దగ్గర ప్రభుత్వం కొన్నదా అని అడిగాడు. కొంత కొన్నదని చెప్పాను. ఎంతకి కొన్నారు, డబ్బు ఎప్పుడు పడింది, ఒకటే ప్రశ్నలు. నాకు తెలిసి మా యాత్ర మొత్తం మీద ఎవరైనా మమ్మల్ని అంత ఆసక్తిగా ప్రశ్నలడిగింది అప్పుడే. మా జట్టు నాయకుడు గడియారం చూస్తున్నాడు, సాయంత్రం మీటింగుకి వేళవుతోందని.

తిండి సంగతి కూడా చెప్పాలి, మనవాళ్లు ముందడిగేది అదే కాబట్టి. తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన న్సీమా, మన జొన్న సంకటి తిన్నవాళ్లకి కొత్తేం కాదు. నంజుకి గుమ్మడాకు వేరుశనగ పొడితో వండినది, లేకపోతే మలావీ సరస్సులో దొరికే ఉసిపా అనే చిన్న ఎండు చేపలు. చేత్తోనే తినాలి, ఇది మనకి హాయి. తినే ముందు ఆ ఇంటి కోడలు చెంబు, పళ్లెం పట్టుకుని వచ్చి ఒక్కొక్కరి ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతుల మీద నీళ్లు పోసింది. నాకు ప్రాణం చచ్చిపోయింది. లేవమ్మా అని చెయ్యి పట్టుకోబోతే పాస్టరమ్మ కళ్లతోనే వద్దంది. వచ్చిన వాళ్లకి, పెద్దవాళ్లకి అక్కడ అలాగే పెడతారట, మనం వద్దంటే ఆ ఇంటి వాళ్లకి చిన్నతనం. నాకిప్పటికీ అది మింగుడు పడలేదు, కానీ వెళ్లిన రెండో రోజే వాళ్ల ఇంటి పద్ధతి సరిచేయడానికి నేనెవర్ని? ఇంకో మాట, కారం విషయంలో గుంటూరు వాళ్లమని గొప్పలు పోయి, బల్ల మీదున్న నాలి అనే మిరప సాస్‌ని మా కుర్రాడొకడు గోంగూరలా కలుపుకుని తిన్నాడు. తర్వాత అరగంట వాడి మాట వినపడలేదు. ఆ సాస్ ఆ దేశపుదే, చిన్న సూదిమిరపకాయలతో చేస్తారు, మన మిర్చి యార్డులో నిలబెట్టాల్సిన సరుకు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా బ్యానరు మీద 'సువార్త అందని ప్రజలకు' అని రాసుకుని వెళ్లాం. మన ఆంధ్రలో జనాభా లెక్కల ప్రకారం క్రైస్తవులు రెండు శాతం కూడా లేరు. మలావీలో నూటికి డెబ్బై అయిదు మందికి పైగా క్రైస్తవులే. స్కాట్లాండ్ మిషన్ వాళ్లు 1875, 76 నాటికే అక్కడ దిగారు, బ్లాంటైర్ అనే ఊరి పేరే స్కాట్లాండ్ మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ పుట్టిన ఊరి పేరు. ఆ ఊళ్లో సెయింట్ మైకేల్ చర్చి ఉంది, 1888లో మొదలుపెట్టి 1891లో పూర్తి చేశారు, కట్టించిన డేవిడ్ క్లెమెంట్ స్కాట్ ఇంజినీరు కాదు, పాస్టరు. గోపురాలు, కమానులు, రకరకాల ఆకారాల ఇటుకలు, అన్నీ అక్కడి కూలీలు కాల్చి పేర్చినవే. ఆ గోడ ముందు నిలబడి మా వాళ్లు బ్యానరు పట్టుకుని ఫోటో దిగుతుంటే నేను పక్కకి తప్పుకున్నాను.

వాళ్ల కరెన్సీ నోటు మీద ఒక పాస్టరు గారి బొమ్మ ఉంటుంది, ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? జాన్ చిలెంబ్వే, బాప్టిస్టు పాస్టరు, 1915 జనవరిలో తెల్ల దొరల తోటల్లో కూలీలు పడే బాధల మీద, మొదటి ప్రపంచ యుద్ధానికి ఆఫ్రికా వాళ్లని బలి పెట్టడం మీద తిరగబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. జనవరి 15 అక్కడ ఆయన పేరున సెలవు రోజు. 2022లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆయన విగ్రహం కూడా పెట్టి రెండేళ్లు ఉంచారు. ఆదివారం స్కూల్లో మనకి లివింగ్‌స్టన్ కథ చెప్పారు, ఈయన కథ చెప్పలేదు. వాళ్ల పిల్లలకి మేం తీసుకెళ్లిన విబిఎస్ (సెలవుల బైబిల్ బడి) బొమ్మల పుస్తకాల్లో మాత్రం మళ్లీ తెల్ల మొహాలే.

ఆరాధన మూడు గంటలకి తక్కువ లేదు. కానుక వేళకి వరసలు వరసలుగా పాడుతూ, అడుగులేస్తూ ముందుకి వస్తారు, కొందరి చేతుల్లో మొక్కజొన్న, కొందరి చేతుల్లో కోడి. మన ఊళ్లలో స్త్రీల సమాజం వాళ్లు పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం పట్టుకొస్తారే, ఆ పద్ధతి గుర్తొచ్చి చాలా సంతోషమేసింది. మా అయ్యగారి వాక్యం ఇంగ్లీషులో, దాన్ని ఒకాయన అక్కడి భాష చిచేవాలో చెప్పడం, సగం కాలం దానికే పోయింది. ఆ తర్వాత అక్కడి ముసలాయన ఒకరు లేచి పది నిమిషాలు ప్రార్థన చేశారు, మాట ఒక్కటి అర్థం కాకపోయినా చర్చి మొత్తం కదిలిపోయింది. ఎవరు ఎవరికి చెప్పడానికి వెళ్లినట్టు?

మెడికల్ క్యాంపు గురించి రాయకపోతే నా వృత్తికి అన్యాయం చేసినట్టు. చర్చి ఆవరణలో బల్లలేసి కూర్చున్నాం, పొద్దున ఆరింటికే లైను. వచ్చిన ప్రతి మనిషి దగ్గరా ఒక చిన్న పుస్తకం ఉంది, హెల్త్ పాస్‌పోర్టు అంటారు. ఏ జబ్బుకి ఎక్కడ చూపించుకున్నా అందులోనే రాస్తారు, మనిషి దగ్గరే ఉంటుంది. మన దగ్గర ఓపీ చీటీ మడతలు పడి చిరిగిపోయి, పాత చీటీ ఏదమ్మా అంటే ఇంటి దగ్గర మర్చిపోయానండీ అనే మాట నా సర్వీసంతా విన్నాను, అందుకని ఆ పుస్తకాలు తిరగేస్తూ కూర్చోవాలనిపించింది. పసిపిల్లల పుస్తకాల్లో మలేరియా టీకా తేదీలు కూడా ఉన్నాయి. మామూలు టీకాలతో పాటు పిల్లలకి మలేరియా టీకా వేయడం ప్రపంచంలో మొట్టమొదట మొదలైంది 2019 ఏప్రిల్‌లో, ఆ మలావీలోనే. నర్సునయ్యుండి ఆ టీకా సీసా నేను కళ్లతో చూడలేదు, అక్కడి పల్లెటూరి ఆరోగ్య కార్యకర్త నాకు దాని డోసులు చెప్పింది.

ఆ లైన్లోనే నా వయసుదే ఒకావిడ వచ్చింది. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, నడుముకి కట్టుకున్న చితెంజె గుడ్డలో దోపుకుంది. బీపీ చూస్తే 190, 110. పుస్తకంలో వెనక్కి తిప్పితే ఆమెకి బీపీ ఉన్నట్టు అక్కడి హెల్త్ సెంటరు వాళ్లు ఎప్పుడో రాశారు, మాత్రలూ రాశారు, రెండు చోట్ల మందు స్టాకు లేదని కూడా రాశారు. మా పద్ధతి ప్రకారం నెలకి సరిపడా మాత్రలు పొట్లం కట్టి ఇవ్వాలి, ఇచ్చాను. ఆమె వాటిని లెక్కపెట్టుకుని దుబాసీ వైపు చూసి ఏదో అడిగింది. ఇవి అయిపోయాక ఎక్కడికి రావాలి అని. పక్కనే అక్కడి క్లినికల్ ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. వాళ్ల దేశంలో డాక్టర్లు తక్కువ కాబట్టి డిప్లొమా చదివిన ఈ క్లినికల్ ఆఫీసర్లే సిజేరియన్లతో సహా చాలా పని మోస్తారు. ఆయన కోపం లేకుండానే చెప్పాడు, సిస్టర్, మీరిచ్చే కంపెనీ మాత్ర మా స్టోర్లో ఉండదు, డోసు వేరు, రంగు వేరు, వచ్చే నెల ఈమె మా దగ్గరికొచ్చి మీ తెల్ల మాత్రే కావాలంటుంది, మేమిచ్చింది వేసుకోదు, మాకు రెండు పనులు. అందులో ఒక్క అక్షరం కాదనడానికి లేదు. ఆ మధ్యాహ్నం నుంచి నేను మాత్రల బల్ల వదిలేసి ఆయన పక్కన కూర్చుని బీపీలు చూసి వాళ్ల పుస్తకాల్లో రాసే పని పెట్టుకున్నాను. క్యాంపులో ఎంతమందిని చూశామనే అంకె మా రిపోర్టులో పెద్దక్షరాలతో వచ్చింది. తర్వాత నెల వాళ్లేం వేసుకున్నారనే గడి ఆ ఫారంలో లేదు.

ఇది రాస్తుంటే డాక్టర్ అన్నా కుగ్లర్ గుర్తు రాకుండా ఉండదు. పెన్సిల్వేనియా నుంచి 1883లో గుంటూరు వచ్చింది, 1898లో ఆసుపత్రి తెరిచింది, 1930లో ఇక్కడే కన్నుమూసింది. అంతకు ముందు 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొర తెలుగు నేర్చుకునే పనిలో పడ్డాడు, పల్నాడు ఊళ్లన్నీ తిరిగాడు. వాళ్లలో లోపాలు లేవని నేననను, దొరతనం దొరతనమే. కానీ మన అమ్మమ్మలు ఆ ఆసుపత్రిలో కాన్పు పోసుకోవడానికి ధైర్యం చేసింది, మరుసటేడు కూడా ఆ డాక్టరమ్మ అక్కడే ఉంటుందని తెలుసు కాబట్టి. మనవాళ్లకీ ఈ దారి కొత్త కాదు. 1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టులు తమ కానుకల డబ్బుతో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికా నాటాల్‌కి పంపారు, తోటల్లో కూలీలుగా పోయిన తెలుగు వాళ్ల మధ్య పనిచేయడానికి. ఆయన కుటుంబంతో వెళ్లి అక్కడ ఉండిపోయి సంఘాలు కట్టాడు. నూట ఇరవై ఏళ్ల కింద చేతిలో డబ్బు లేని సంఘాలు చేయగలిగిన పని అది. ఇప్పుడు మనకి డబ్బుంది, పాస్‌పోర్టులున్నాయి, సెలవు మాత్రం పది రోజులే.

డబ్బు గురించి సూటిగా అడుగుతాను. టికెట్టు, వీసా, బస కలిపి మనిషికి లక్ష దాటింది, అందులో సగం మా సంఘం కానుకల నుంచి వచ్చింది. అవతల మాకు ఆతిథ్యం ఇచ్చిన వాళ్ల ఖర్చు ఎవరూ లెక్కెయ్యలేదు. 2023 నవంబరులో వాళ్ల కరెన్సీ క్వాచా విలువని తగ్గించేసరికి డాలరు ఒక్కసారి 44 శాతం ప్రియమైంది, డాలర్ల కొరతతో పెట్రోలుకి గంటల కొద్దీ లైన్లు. మమ్మల్ని తిప్పిన వ్యాన్‌లో డీజిలు పోయించడానికి ఆ డ్రైవరు రాత్రంతా బంకు ముందు వ్యాన్‌లోనే పడుకున్నాడని తర్వాత తెలిసింది. పొద్దున్నే స్నానం చేసి నవ్వుతూ వచ్చి సామాను ఎక్కించాడు. మేం పడుకున్న మంచాలు ఇంటి వాళ్లవి, వాళ్లు చాపల మీద పడుకున్నారు. ఇంతా చేసి వీడ్కోలు సభలో మా వాళ్లు సాక్ష్యం చెబుతూ, ఇక్కడి పేదరికం చూసి దేవుడు మాకిచ్చినదానికి కృతజ్ఞత నేర్చుకున్నాం అన్నారు. ఆ మాట దుబాసీ చిచేవాలోకి మార్చి చెప్పాడో లేదో నాకు తెలియదు, చెప్పకుండా దాటేసి ఉంటే ఆయనకి నా దండం.

ఫోటోల సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు మా చెల్లెలి ఇల్లూ మునిగింది. మేడ మీదున్న వాళ్లకి పులిహోర పొట్లం అందించి, అది చేతిలో ఉండగానే ఇటు చూడండమ్మా అని సెల్‌ఫోన్ ఎత్తినవాళ్లని మా చెల్లెలు ఇంకా తిడుతూనే ఉంది. మలావీలో చీమిడి కారుతున్న పిల్లల్ని మనం తీస్తున్నది అదే ఫోటో. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను ఆ దేశం దక్షిణ జిల్లాల్లో చనిపోయిన వాళ్లు, గల్లంతైన వాళ్లు కలిపి వెయ్యికి పైగా. 1977 దివిసీమ ఉప్పెన చూసిన జిల్లాల వాళ్లం, ఆ బాధ ఇంకెవరైనా చెబితేగానీ మనకి తెలియదా? అక్కడి వాళ్లతో ఆ మాట కలిపిన మావాళ్లు ఎవరూ లేరు, అడిగే తీరికెక్కడుంది, షెడ్యూలు అలాంటిది. దయచేసి మీరైనా తల్లిదండ్రుల అనుమతి లేని పిల్లల ఫోటోలు వేయకండి. మన పిల్లల మొహాలైతే ఇలా వేస్తారా?

అసలు యాత్రలే వద్దని నా మాట కాదు. వెళ్లకపోతే నాకు ఇవేవీ తెలిసేవి కావు, ఆ పాస్టరమ్మ ఇప్పుడు నాకు వాట్సాప్‌లో ఆదివారం పాటలు పంపుతుంది, వాళ్లకి మనకీ మూడున్నర గంటలు తేడా కాబట్టి మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి అక్కడ ఆరాధన ఇంకా జరుగుతూ ఉంటుంది. బయల్దేరే ముందు ఆవిణ్ణి మీకు ఏం కావాలని అడిగాను. మా నాయకులు ఆ ప్రశ్న బోరు బావి, సౌండ్ సిస్టం అనే జవాబు కోసం అడుగుతారు. ఆవిడ మాత్రం వాళ్ల మిషన్ ఆసుపత్రి ల్యాబులో మనిషి లేడని, మైక్రోస్కోపు గుడ్డ కప్పి ఉందని, వచ్చే మనిషి అయితే మూడు నెలలైనా ఉండాలని, తమ కుర్రాళ్లకి నేర్పాలని చెప్పింది. మన గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి ఉద్యోగం దొరక్క తిరిగే క్రైస్తవ పిల్లలు ఎంతమంది లేరు? వీసా, అక్కడి ప్రభుత్వ అనుమతి సరిగా చూసుకుని వెళ్లాలి, టూరిస్టు వీసా మీద వెళ్లి వైద్యం చేసే తంతు ఇకనైనా మానాలి.

వచ్చే ఏడాది జట్టుకి పేర్లివ్వమని మా సంఘంలో అప్పుడే ప్రకటన చదివారు. నేను పేరివ్వలేదు. పన్నెండు మందికి అయ్యే ఖర్చులో ఒక ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఒక నర్సుని మూడు నెలలు పంపి, మిగిలింది ఆ ఆసుపత్రి మందుల స్టోరుకే ఇస్తే ఎంతవుతుందో లెక్క వేసి కాగితం కమిటీకి ఇచ్చాను. ప్రార్థన చేద్దాం అన్నారు. మా వాళ్ల సంగతి తెలుసు కాబట్టి ఆ మాటకి అర్థం నాకు కొంత తెలుసు. మిగతా సంఘాల పెద్దలెవరైనా తమ యాత్రల ఖర్చు, అక్కడ మిగిలిన పని, రెండూ కలిపి ఈ పేజీలోనే రాస్తే చదువుతాను. మా కమిటీ నుంచి జవాబొస్తే అది కూడా మీకే పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
గుంటూరు